నిపుణుడు ఏ కాగితాలు చదివాడు?

వైద్య నిర్లక్ష్యం ఆరోపణలపై మన పత్రికలలో సాధారణంగా రెండు ఘట్టాలే కనబడతాయి. ఆసుపత్రి ముందు బైఠాయించిన బంధువులు ఒకటి. కొన్నేళ్లు గడిచిన పిదప వినియోగదారుల కమిషన్ ఇన్ని లక్షలు చెల్లించమన్నదనో, ఫిర్యాదును కొట్టివేసిందనో లోపలి పుటలో వచ్చే చిన్న వార్త మరొకటి. ఈ రెండింటి నడుమ జరిగే ముఖ్యమైన పని ఎవరి కంటా పడదు. ఒక వైద్యుడు తానెన్నడూ చూడని రోగికి సంబంధించిన వంద, రెండు వందల కాగితాలు ముందు వేసుకుని కూర్చుంటాడు. వాటిని చదివి, ఇక్కడ తప్పు జరిగిందనో జరగలేదనో ఒక అభిప్రాయం రాస్తాడు. అనేక కేసుల భవితవ్యం ఆ రాత మీదనే ఆధారపడి ఉంటుంది.

ఆ రాత విలువ నిపుణుని పేరు పక్కనున్న డిగ్రీలలో లేదని నా నిశ్చితాభిప్రాయం. అతడు ఏ కాగితాలు చదివాడు, ఏవి అతనికి అందలేదు, ఏ కారణం చేత ఆ నిర్ణయానికి వచ్చాడు అన్న మూడు విషయాలలోనే దాని విలువంతా ఉన్నది. ఈ మూడూ లేని అభిప్రాయాన్ని రోగి కుటుంబం గాని, ఆరోపణకు గురైన వైద్యుడు గాని, న్యాయస్థానం గాని అంగీకరించనక్కరలేదు. మనదేశంలో చాలా అభిప్రాయాలు ఈ మూడూ లేకుండానే వెలువడుతున్నాయి గనుక ఈ వ్యాసం.

చట్టం సంగతి ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో స్పష్టం చేసింది. 2005 ఆగస్టు 5న జేకబ్ మాథ్యూ కేసులో వెలువడిన తీర్పు క్రిమినల్ కేసులకు ఒక కట్టడి విధించింది. మరొక సమర్థుడైన వైద్యుని విశ్వసనీయమైన అభిప్రాయం జతచేయనిదే వైద్యునిపై ప్రైవేటు ఫిర్యాదును స్వీకరించరాదని, పోలీసు అధికారి సైతం ముందుకు సాగే ముందు స్వతంత్రుడైన వైద్యుని అభిప్రాయం, వీలైనంతవరకు ఆ శాఖలోని ప్రభుత్వ వైద్యుని అభిప్రాయం తీసుకోవాలని ఆ తీర్పు చెప్పింది. పరిహారం కోరే వినియోగదారుల కేసులకు ఈ కట్టడి వర్తించదు. కాని 2009లో మరొక ధర్మాసనం, వినియోగదారుల ఫిర్యాదులను కూడా ముందుగా వైద్యనిపుణులకు పంపి, ప్రాథమికంగా తప్పు కనబడితేనే వైద్యునికి నోటీసు ఇవ్వాలన్నది. దానితో చాలా ఫిర్యాదులు గుమ్మంలోనే ఆగిపోయే పరిస్థితి ఏర్పడింది.

ఆ చిక్కును విడదీసినది మన హైదరాబాదు నుంచి వెళ్లిన కేసే కావడం విశేషం. 2002 జూలైలో మలేరియా శాఖ ఉద్యోగి ఒకరు చలిజ్వరంతో బాధపడుతున్న తన భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు చికిత్స చేశారు. నాలుగు రోజుల తరువాత పరిస్థితి విషమించి మరొక ఆసుపత్రికి తరలించగా, కొన్ని గంటలలోనే ఆమె కన్నుమూశారు. మలేరియాకు చికిత్స జరగలేదన్న సంగతి రికార్డును బట్టి, విచారణలో బయటపడిన విషయాలను బట్టి తేటతెల్లమైనదని జిల్లా ఫోరం భావించి 2 లక్షల రూపాయల పరిహారం మంజూరు చేసింది. నిపుణుని సాక్ష్యం లేదన్న కారణంతో రాష్ట్ర కమిషన్ దానిని రద్దు చేసింది. జాతీయ కమిషన్ కూడా రాష్ట్ర కమిషన్‌నే సమర్థించింది. 2010 మార్చి 8న సుప్రీంకోర్టు జిల్లా ఫోరం ఉత్తర్వును పునరుద్ధరించింది. ప్రతి కేసులోనూ నిపుణుని సాక్ష్యం తప్పనిసరి కాదని, విషయం సంక్లిష్టమైనప్పుడే దాని అవసరం ఉంటుందని ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పు మంచిదే. అయితే దీనిని చదివి, కేస్ షీట్ ఉంటే చాలు, నిపుణుడితో పనేమిటి అనుకునేవారున్నారు. అది పొరపాటు. కలకత్తాలో 1998 నాటి మరొక కేసు చూడండి. ఒంటిపై దద్దుర్లతో వచ్చిన రోగికి డిపో మెడ్రాల్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ 80 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మూడు రోజులు ఇవ్వమని రాసిన చీటీ ఉన్నది. ఆ చీటీని మామూలు మనిషికి చూపిస్తే అందులో దోషమేమీ కనబడదు. అది శరీరంలో నెమ్మదిగా, రోజుల తరబడి కరిగే మందనీ, ఒకసారి ఇచ్చిన తరువాత వారమో రెండు వారాలో ఆగవలసినదనీ ఎరిగినవారికే ఆ వాక్యం భయం గొలుపుతుంది. ఆ రోగి తరువాత చర్మం పొరలుగా ఊడిపోయే తీవ్రవ్యాధితో మరణించారు. క్రిమినల్ నేరం రుజువు కాలేదన్న సుప్రీంకోర్టు, నిర్లక్ష్యం మాత్రం జరిగిందని 2009లో తేల్చింది. 2013లో పరిహారాన్ని సుమారు 6 కోట్లకు పెంచింది. ఆ కేసును పదిహేనేళ్లు నడిపిన భర్త స్వయంగా వైద్యుడు. ఆ చీటీలోని వాక్యాన్ని చదవగలిగినవాడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. వైద్యుడు లేని ఇంటికి ఆ వాక్యాన్ని ఎవరు చదివి పెడతారు?

పదవీ విరమణ తరువాత నా దగ్గరకు కాగితాల సంచితో వచ్చే కుటుంబాలను చూస్తున్నాను. వారిలో చాలామంది తెచ్చేది డిశ్ఛార్జ్ సమ్మరీ, కొన్ని రక్తపరీక్షల రిపోర్టులు, రెండు స్కానింగు ఫిల్ములు. ఇదే ఫైలు అనుకుంటారు. డిశ్ఛార్జ్ సమ్మరీ అన్నది అంతా ముగిసిన తరువాత, తరచుగా ఒక జూనియర్ డాక్టరు, తీరిక లేని వేళ రాసే రెండు పేజీల సంగ్రహం. అది రోగి కథకు ముగింపే గాని కథ కాదు. అసలు కథ కేస్ షీట్లో ఉంటుంది. డాక్టర్ల రోజువారీ నోట్సు, నర్సులు గంటగంటకూ నింపే చార్టు, మందు ఇచ్చిన వేళ రాసే షీటు, లోపలికి వెళ్లిన సెలైన్, బయటికి వచ్చిన మూత్రం లెక్క, మత్తు వైద్యుని రికార్డు, ఆపరేషన్ నోట్సు, అంగీకార పత్రాలు అన్నీ కలిస్తేనే అది రికార్డు. సమ్మరీ మాత్రమే చదివి అభిప్రాయం చెప్పేవాడు సినిమా పోస్టరు చూసి సినిమా మీద విమర్శ రాసేవాడితో సమానం.

ఈ చదవడం ఎలా ఉంటుందో ఒక ఊహాకల్పిత ఉదాహరణతో చూద్దాం. ఒక పట్టణంలోని నర్సింగ్ హోమ్‌లో ఇరవై ఆరేళ్ల స్త్రీకి సిజేరియన్ జరిగింది. ఆపరేషన్ ఉదయం 11.40కి ముగిసింది. సాయంత్రం ఆరు గంటలకు జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి తరలిస్తుండగా ఆమె మరణించింది. సమ్మరీలో ఉన్నది ఇంతే: 'ఆపరేషన్ అనంతరం రోగి నిలకడగా ఉన్నారు. సాయంత్రం అకస్మాత్తుగా రక్తపోటు పడిపోయినది. అన్ని ప్రయత్నాలూ చేసి పై ఆసుపత్రికి పంపితిమి.' అకస్మాత్తుగా అన్న ఆ ఒక్క మాట దగ్గర అనుభవజ్ఞుడైన సమీక్షకుని చూపు ఆగుతుంది.

అతడు నర్సు చార్టు తెరుస్తాడు. మధ్యాహ్నం 12 గంటలకు నాడి 88, బి.పి. 110కి 70. పన్నెండున్నరకు నాడి 104. ఒంటిగంటకు నాడి 118, బి.పి. 104కి 66. ఒంటిగంటన్నరకు నాడి 126, బి.పి. 96కి 60. మూత్రం గంటకు 20 మిల్లీలీటర్లే. వయసులో ఉన్న ఆరోగ్యవంతురాలి శరీరం రక్తం పోతున్నా చాలాసేపు బి.పి.ని నిలబెట్టుకుంటుంది. నాడి వేగం మాత్రం ముందే చెబుతుంది. నాడి అంకె బి.పి. పై అంకెను దాటినదంటే లోపల ఎక్కడో రక్తం పోతున్నదేమోనని ప్రసూతి వైద్యులు అనుమానించవలసిందే. ఇక్కడ ఆ రెండు అంకెలు ఒంటిగంటకే ఒకదానినొకటి దాటిపోయాయి. అంటే 'అకస్మాత్తుగా' సాయంత్రం జరిగినదేదీ లేదు. ఒంటిగంట నుంచి రోగి శరీరం చెబుతూనే ఉన్నది.

ఇప్పుడు డాక్టరు నోట్సు. మధ్యాహ్నం 2 గంటలకు 'రోగి స్థితి నిలకడ, ఇదే చికిత్స కొనసాగించండి' అని ఉన్నది. అదే సమయానికి నర్సు చార్టులో 'డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పడమైనది' అని ఉన్నది. డాక్టరు గారు పడక దగ్గరే ఉంటే ఫోను ఎందుకు? ఇక్కడ తొందరపడి ఆ డాక్టరు అబద్ధం రాశాడని తేల్చకూడదు. ఫోనులో విన్నది వచ్చిన తరువాత రాసి ఉండవచ్చు, గడియారాలలో తేడా ఉండవచ్చు. మంచి సమీక్షకుడు ఈ వైరుధ్యాన్ని దాచడు, దానికి తనకు తోచిన అర్థం అంటగట్టడు. ఈ రెండు పేజీలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, ఇద్దరినీ విచారించవలసి ఉన్నది అని రాస్తాడు.

ఆ వార్డులోని కాగితాలు తప్ప వేరే సాక్షులు లేవా? ఉన్నాయి, అవి నోరు లేని సాక్షులు. మన ఆసుపత్రులలో మందుల చీటీ బంధువుల చేతికిచ్చి కింది షాపుకు పంపే అలవాటు ఉన్నది కదా. ఆ బిల్లు మీద నిమిషాలతో సహా సమయం అచ్చవుతుంది. రక్తస్రావాన్ని ఆపే ఇంజెక్షన్ రెండు గంటలకే ఇచ్చామని షీట్లో ఉండి, ఆ ఇంజెక్షన్ బిల్లు 4.10కి పడితే, వార్డులో ముందే నిల్వ ఉన్నదా అన్న ప్రశ్న వేయవలసి వస్తుంది. బ్లడ్ బ్యాంకు రిజిస్టరులో రక్తం కావాలన్న విన్నపం ఎన్ని గంటలకు అందినదో, సంచి ఎన్ని గంటలకు బయటికి వెళ్లినదో ఉంటుంది. ఆ రిజిస్టరు నర్సింగ్ హోమ్ చేతిలో లేదు. లేబొరేటరీ యంత్రం తన సమయాన్ని తానే ముద్రిస్తుంది. అంబులెన్సు వారి దగ్గర పిలుపు వచ్చిన వేళ నమోదవుతుంది. ఆరోగ్యశ్రీ కింద జరిగిన చికిత్స అయితే ముందస్తు అనుమతి కోసం పంపిన కాగితాల ప్రతి ఆసుపత్రి వెలుపల కూడా ఉంటుంది. కంప్యూటరులో రాసే కేస్ షీట్లకైతే, సాఫ్ట్‌వేరు మంచిదైతే, ఏ వాక్యాన్ని ఎవరు ఎప్పుడు మార్చారో తెలిపే చరిత్ర ఉంటుంది. అచ్చువేసి ఇచ్చిన ప్రతిలో ఆ చరిత్ర కనబడదు. దానిని విడిగా అడగాలి.

తరువాత రాసిన వాక్యమంతా దొంగరాత కాదని కూడా ఇక్కడే చెప్పాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టరు చేతులు రోగి మీద ఉండాలి గాని కలం మీద కాదు. గండం గడిచిన తరువాత 'ఆలస్యంగా రాస్తున్నాను' అని సమయం వేసి రాసిన నోటు నిజాయితీకి నిదర్శనం. అనుమానం రేకెత్తించేది మరొక రకం. మూడు షిఫ్టులలో మూడు రోజులు రాసినదంతా ఒకే కలంతో, ఒకే పొందికతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటే, అది వార్డులో పుట్టిన కాగితం కాకపోవచ్చు. నిజమైన కేస్ షీటు మీద టీ మరకలుంటాయి.

ఇంతవరకు చెప్పినది చదవడం. ఇక తీర్పు చెప్పడం మరింత కష్టం. కాగితాలు చదివేవానికి ముగింపు ముందే తెలుసు. రోగి చనిపోయినదని తెలిసి చార్టు చూస్తే నాడి 104 కూడా మృత్యుఘంటికలాగే వినబడుతుంది. ఆ మధ్యాహ్నం వార్డులో ఉన్న నర్సుకు అది నొప్పి వల్లనో, భయం వల్లనో పెరిగిన నాడి కావచ్చు. 1991లో అమెరికాలో 112 మంది మత్తు వైద్యులతో జరిగిన ఒక అధ్యయనం ఈ సంగతిని చక్కగా బయటపెట్టింది. 21 కేసుల వివరాలను రెండేసి రూపాలలో తయారు చేశారు. చికిత్స వివరాలన్నీ ఒకటే. ఒక రూపంలో రోగికి కలిగిన హాని తాత్కాలికం, రెండవ దానిలో శాశ్వతం. వైద్యులకు ఒక్కొక్క కేసులో ఒక రూపాన్నే ఇచ్చారు. చికిత్స సరైనదే అన్నవారి పాళ్లు హాని శాశ్వతమని మార్చగానే 31 శాతం పాయింట్లు పడిపోయాయి. చేసిన వైద్యంలో అక్షరం మారలేదు. ఫలితం మారింది, దానితో పాటే తీర్పూ మారింది. వీరంతా ఆ రంగంలో పనిచేస్తున్న వైద్యులేనని గుర్తుంచుకోండి.

దీనికి విరుగుడు ఉన్నది, ఖర్చు కూడా లేనిది. సమీక్షకునికి కాగితాలను కాలక్రమంలో, విడతలుగా ఇవ్వాలి. ఒంటిగంట వరకు ఉన్న పేజీలిచ్చి, ఈ స్థితిలో మీరైతే ఏమి చేస్తారు అని రాయించుకోవాలి. ఆ తరువాత మిగిలినవి ఇవ్వాలి. ముగింపును చివరనే చూపాలి. మన కమిషన్లు గాని, మెడికల్ బోర్డులు గాని దీనిని అలవాటు చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. చేసుకోకపోవడానికి నాకు కనబడే కారణం ఉదాసీనత ఒక్కటే.

ఫలితం తెలియడం ఒక దోషమైతే, ఎవరి తరఫున చదువుతున్నామో తెలియడం మరొకటి. 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, న్యాయస్థానాలకు అభిప్రాయాలిచ్చే మానసిక వైద్యనిపుణులు, మనస్తత్వ నిపుణులు 100 మందికి పైగా పాల్గొన్నారు. కొందరికి ప్రాసిక్యూషన్ మిమ్మల్ని నియమించిందని, మిగిలినవారికి ముద్దాయి తరఫువారు నియమించారని చెప్పారు. ఇచ్చిన ఫైళ్లు మాత్రం అందరికీ ఒకటే. అయినా వేసిన మార్కులు తమను నియమించిన పక్షం వైపు మొగ్గాయి. వారెవరూ డబ్బుకు అమ్ముడుపోలేదు. మనసే అలా ఒరుగుతుంది. కాబట్టి నిపుణుని నిజాయితీని శంకించడం కన్నా, అతని తర్కాన్ని కాగితం మీద పెట్టించడం మేలు.

తర్కం అంటే ఏమిటో కూడా చెప్పాలి. 1957 నాటి బ్రిటిష్ తీర్పు ఒకదానిలో స్థిరపడి, మన జేకబ్ మాథ్యూ తీర్పు స్వీకరించిన కొలబద్ద ప్రకారం, వైద్యుని పనిని ఆ శాఖలోని సాధారణ సమర్థుడైన వైద్యునితో పోల్చాలి. అందరికన్నా గొప్పవానితో కాదు. అది కూడా సంఘటన జరిగిన నాటి పరిజ్ఞానంతోనే. తాలూకా స్థాయి నర్సింగ్ హోమ్‌లోని డాక్టరును కార్పొరేట్ ఆసుపత్రి ఐ.సి.యు.తో కొలవడం అన్యాయం. అయితే తన దగ్గర రక్తం లేదని తెలిసిన డాక్టరు దానిని ముందే సమకూర్చుకోవాలా, లేదా రోగిని ముందే పంపించాలా అన్న ప్రశ్న ఆ నర్సింగ్ హోమ్‌కు కూడా వర్తిస్తుంది. వసతి లేకపోవడం వేరు, వసతి లేదని తెలిసీ వేచి చూడటం వేరు.

మరొక మెట్టు ఉన్నది. దీనిని చాలా అభిప్రాయాలు దాటవేస్తాయి. తప్పు జరిగిందనుకున్నా, ఆ తప్పు వల్లనే హాని జరిగిందా? మన ఉదాహరణలో ఒంటిగంటన్నరకే రోగిని తిరిగి థియేటరుకు తీసుకువెళ్లి ఉంటే బతికేదా? రక్తస్రావమే కారణమైతే బతికే అవకాశం చాలా ఎక్కువ. కాని ఉమ్మనీరు రక్తంలో కలిసి కుప్పకూలిన అరుదైన కేసు అయితే, ఎంత త్వరపడినా ప్రాణం దక్కకపోయి ఉండవచ్చు. దీనిని తేల్చేది పోస్టుమార్టమ్. దుఃఖంలో ఉన్న కుటుంబం పోస్టుమార్టమ్ వద్దంటుంది. వద్దనడం మానవ సహజం. అయితే ఆ నిర్ణయంతో ఈ ప్రశ్నకు జవాబు చాలా సందర్భాలలో శాశ్వతంగా మూసుకుపోతుందని ఆ క్షణంలో వారికి ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాలి.

కొన్నిసార్లు కీలకమైనది రికార్డులో ఉన్న మాట కాదు, లేని మాట. నెలలు నిండక ముందే పుట్టిన శిశువుల కంటిపాపలను నిర్ణీత వారాలలో పరీక్షించాలి. లేకపోతే రెటీనా దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉన్నది. అలా 2005లో పుట్టి చూపు కోల్పోయిన ఒక బాలుని కేసులో, ఆ పరీక్ష చేయవలసిన వేళ చేయలేదని 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు నిర్ధారించి 76 లక్షల రూపాయల పరిహారం ఖరారు చేసింది. మరొక సందర్భంలో, పరీక్ష కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి ఆ మత్తులో ఉండగానే ఆమె తల్లి అంగీకారంతో గర్భసంచి తొలగించారు. ఆమె స్వయంగా సంతకం చేసిన పత్రం ఆ ఆపరేషన్‌కు వర్తించదని, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు అన్నది. అంగీకార పత్రం ఉన్నదా అని చూసి టిక్కు పెట్టే సమీక్షకుడు ఇటువంటి లోపాన్ని ఎన్నటికీ పట్టుకోలేడు. అందులో ఏమి రాసి ఉన్నదో చదవాలి.

ఇప్పుడు మన బోర్డుల అభిప్రాయాలు చూడండి. నేను చూసిన వాటిలో చాలా వాటి నమూనా ఒకటే: 'సమర్పించిన రికార్డులను పరిశీలించితిమి. చికిత్స ప్రమాణాలకు అనుగుణంగానే ఉన్నది. నిర్లక్ష్యం కనబడలేదు.' కింద మూడు సంతకాలు. ఏ రికార్డులు? ఎన్ని పేజీలు? నర్సు చార్టు ఉన్నదా? ఏ ప్రమాణం? ఈ మూడు వాక్యాలు నిజంగా తప్పు చేయని డాక్టరును కూడా కాపాడలేవు. ఎదుటి వకీలు ఒక్క ప్రశ్నతో వాటిని తునాతునకలు చేస్తాడు. కారణాలతో కూడిన ఆరు పేజీల అభిప్రాయం ఉంటే, నిర్దోషి అయిన డాక్టరుకు అంతకన్నా గట్టి కవచం లేదు. కుటుంబానికి కూడా ఏమి జరిగిందో తెలుస్తుంది. నేను మాట్లాడిన బంధువులలో చాలామంది మొదట కోరింది డబ్బు కాదు. ఏమి జరిగిందో ఎవరైనా కూర్చుని చెబితే చాలన్నారు. చెప్పేవారు లేకనే కొందరు రోడ్డెక్కుతారు, కొందరు కోర్టుకెక్కుతారు.

నా తోటి వైద్యులకు ఇది రుచించకపోవచ్చు. సాటి డాక్టరు మీద రాయడమా అని సంకోచిస్తారు. ఊళ్లో మొహం చూపించాలి, రేపు కేసులు పంపుకోవాలి, సంఘం సమావేశంలో పక్కపక్కన కూర్చోవాలి. ఈ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. కాని సమీక్ష చేయడం ఆరోపించడం కాదు. శ్రద్ధగా చదివినప్పుడు, డాక్టరు చేయగలిగినదంతా చేశాడని తేలే కేసులు ఎన్నో ఉంటాయి. వాటిని ఆ మాట నమ్మదగిన విధంగా చెప్పగలిగేది కూడా మనమే. మంచివారు తప్పుకుంటే, ఏ పక్షం అడిగితే ఆ పక్షానికి రాసిపెట్టేవారు మిగులుతారు. విశ్రాంత వైద్యులకు ఈ పని ప్రత్యేకంగా తగినదని నా అభిప్రాయం. మనకు రేపు పంపుకోవలసిన కేసులు లేవు, పైగా వార్డు ఎలా నడుస్తుందో తెలుసు. వేరే జిల్లా కేసులు చదివితే మొహమాటం కూడా ఉండదు.

ఇక మీరు, అంటే రోగి బంధువులు, చేయవలసినది. రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని అడిగితే 72 గంటలలో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతున్నది. ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలని కూడా అందులోనే ఉన్నది. 2023లో ప్రకటించిన కొత్త నిబంధనలను పక్కన పెట్టడంతో ఇవే అమలులో ఉన్నాయి. వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదుకు కాలపరిమితి 2 ఏళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించవచ్చు గాని దానిని నమ్ముకోకండి. ఏడాది పాటు ఏడ్చి, మరో ఏడాది పెద్దమనుషుల చుట్టూ తిరిగి, అప్పుడు కాగితాలు అడగబోయేవారిని చూశాను.

దరఖాస్తు రాతపూర్వకంగా ఇవ్వండి. 'ఫైలు ఇప్పించండి' అని రాయకండి. 'పూర్తి కేస్ షీటు, నర్సుల చార్టులు, మందుల షీటు, మత్తు వైద్యుని రికార్డు, ఆపరేషన్ నోట్సు, అంగీకార పత్రాలు, పరీక్షల రిపోర్టులు, ఫిల్ములు' అని పేరుపేరునా రాయండి. కంప్యూటరు రికార్డయితే మార్పుల చరిత్ర కూడా కోరండి. దరఖాస్తు నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఇచ్చిన ప్రతులకు పేజీ నెంబర్లు వేసి, ఎన్ని పేజీలు అందాయో అక్కడే సంతకం పెట్టించుకోండి. మందుల షాపు బిల్లులు పారేయకండి. థర్మల్ కాగితం మీది అక్షరాలు కొద్ది నెలలలో వెలిసిపోతాయి, అందుకని వెంటనే ఫొటో తీయండి. మీకు గుర్తున్నది గంటల వారీగా ఆ వారంలోనే ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆసుపత్రి వారితో గొడవ పడినరోజు వారు కాగితాలు దిద్దుకునే అవకాశం మీరే ఇచ్చినట్లవుతుంది.

ఆ తరువాత వకీలు దగ్గరికి వెళ్లే ముందే ఆ శాఖకు చెందిన ఒక వైద్యునితో కాగితాలు చదివించండి. ప్రసూతి కేసు ఎముకల డాక్టరు చదివితే లాభం లేదు. మీ కథ ముందుగా చెప్పకండి. కాగితాలు ఇచ్చి, అతడు చదివిన తరువాత మాట్లాడండి. ఏ పేజీలు చదివారో, ఏవి లేవో, ఎక్కడ తప్పనిపించిందో, ఆ తప్పే కారణమా కాదా అన్నది విడివిడిగా రాసి ఇమ్మనండి. తప్పేమీ లేదని అతడు కారణాలతో రాస్తే, ఆ కాగితాన్ని కూడా డబ్బిచ్చి తీసుకోండి. కేసు వేయకుండా ఆగిపోవడానికి ఆ రుసుమే చాలా తక్కువ ఖర్చు.